మీ ప్రశ్నలకు జవాబులు: చల్లని కప్పు, మున్సిపాలిటీ నిబంధన

ప్రశ్న: మేం 700 గజాల్లో ఇల్లు కడుతున్నాం. కూల్ రూఫ్ లేకపోతే కుదరదని ఇంజనీరు గారు అంటున్నారు. పక్కన 200 గజాల్లో కట్టినవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండూ నిజమే. కూల్ రూఫ్ అంటే ఎండను తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచే కప్పు. తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023 ఏప్రిల్‌లో వచ్చింది, 2028 దాకా ఉంటుంది. ప్రభుత్వ భవనాలకు, దుకాణాలు, ఆఫీసుల వంటి వాటికి విస్తీర్ణంతో పనిలేకుండా తప్పనిసరి. ఇళ్ళ విషయంలో స్థలం 600 గజాలు, ఆపైన ఉంటేనే తప్పనిసరి. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన బీపాస్ చట్టంలోనూ గీత ఇక్కడే గీశారు: 75 నుంచి 600 గజాల్లోపు, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, అది దాటితే 21 రోజుల్లో అనుమతి ఇచ్చే సింగిల్ విండో పద్ధతి.

మీకు చిక్కు వచ్చేది ప్లాను దగ్గర కాదు, కట్టడం పూర్తయ్యాక ఇంట్లో చేరడానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది, ఏదో ఒక తెల్ల రంగు పూసేస్తారు. అందుకే అంచనాలోనే ఈ పనికి ఒక పద్దు రాయించండి. విధానం ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క చదరపు మీటరుకు 300 రూపాయలు. ఆ లెక్కన 1,200 చదరపు అడుగుల డాబాకు, అంటే సుమారు 111 చదరపు మీటర్లకు, 33 వేల పైచిలుకు. కొన్న సరుకు బిల్లు, కంపెనీ ఇచ్చే పరీక్ష నివేదిక, పని జరిగేటప్పటి ఫొటోలు దాచుకోండి.

మా అభిప్రాయం అడిగితే, 600 గజాల గీత మరీ పైన ఉంది. నగరంలో ఎక్కువ ఇళ్ళు దానికి లోపలే ఉన్నాయి. ఎండకు ఆ గీత తెలియదు కదా! మీ పక్కింటివారికీ ఈ పని చేయించుకోమనే చెబుతాం.

ప్రశ్న: రెండేళ్ళ కింద డాబాకు తెల్ల రంగు వేయించాం. ఇప్పుడు పొరలు లేచిపోయాయి, మిగిలింది నల్లబడింది. మళ్ళీ వేయించడం దండగేనా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: దండగ కాదు. కాకపోతే పాత పొర మీదే మళ్ళీ పూస్తే ఇదే జరుగుతుంది. పొరలు లేవడానికి ఎక్కువసార్లు కారణం శ్లాబులో మిగిలిన తేమ. ఎండ తగలగానే అది ఆవిరై రంగును కిందనుంచి నెడుతుంది. నల్లబడటానికి కారణం నీరు నిలవడం, దాని మీద దుమ్ము, నాచు.

ముందు తేమ చూడండి. 45 సెంటీమీటర్ల చదరం పాలిథిన్ షీటును డాబాకు నాలుగు పక్కలా టేపుతో అంటించి 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు షీటు అడుగున నీటి బొట్లు గానీ, నేల మీద నల్లని తడి మచ్చ గానీ కనిపిస్తే ఆగాల్సిందే. కొత్త శ్లాబైతే 28 రోజులు గడవకుండా రంగు మాటే ఎత్తొద్దు. తర్వాత వాలు చూడండి. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున పైపు వైపు వాలు ఉండాలి. నీరు నిలిచే గుంటలుంటే రంగు కంటే ముందు వాటిని పూడ్చాలి. పగుళ్ళు, పారాపెట్ గోడ కలిసే మూలలు, వాటర్‌ప్రూఫింగ్ కూడా ముందే. కూల్ రూఫ్ రంగు కారే శ్లాబును ఆపదు.

ఊడిన పొరను వైర్ బ్రష్షుతో పూర్తిగా గీకి, నాచు ఉన్నచోట బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో రుద్ది, బాగా కడిగి, రెండు రోజులు ఆరనివ్వండి. ప్రైమరు తర్వాత రెండు పూతలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. మిట్టమధ్యాహ్నం వేయించొద్దు. కాలుతున్న శ్లాబు మీద రంగు పట్టుకోకముందే పైన ఎండిపోతుంది. పొద్దున్నే వేయించాలి, ఫిబ్రవరి, మార్చి నెలలు అనువు.

ఏ రంగు? గోడల ఎమల్షన్ కాదు. ఇంధన పొదుపు భవన నియమావళి (ఈసీబీసీ 2017) కూల్ రూఫ్‌కు రెండు అంకెలు పెట్టింది: ఎండను తిప్పికొట్టే గుణం కనీసం 0.60, పీల్చుకున్న వేడిని తిరిగి వదిలే గుణం కనీసం 0.90. డబ్బా మీద మొదటిదే ఉంటే రెండోదీ అడగండి. అల్యూమినియం రంగు మెరుస్తుంది గానీ వేడిని వదలదు, అందుకే కాలుతూనే ఉంటుంది.

డబ్బు తక్కువైతే సున్నం మంచిదే. కిలో రాతి సున్నానికి 5 లీటర్ల నీళ్ళు పోసి (పొంగుతుంది, కళ్ళు జాగ్రత్త), ఒక రోజు ఉంచి, గుడ్డతో వడకట్టండి. 10 లీటర్ల సున్నపు నీళ్ళకు 40 గ్రాముల జిగురు వేడినీళ్ళలో కరిగించి కలపండి. ఇది వానకు పోతుంది, ఏటా వేసవి ముందు మళ్ళీ వేయాలి. డాబా నీళ్ళు ఇంకుడు గుంతకు వెళ్తుంటే తొలి వాన నీటిని బయటికి వదిలేయండి.

రంగు ఏదైనా ఏటా ఒకసారి వేసవికి ముందు డాబా కడగాలి. దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు.

ప్రశ్న: వార్డు సభ్యుడిని. మా మున్సిపాలిటీ సొంతంగా ఇంకా గట్టి నిబంధన పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: భవన నియమావళిని స్థానిక వాతావరణానికి తగ్గట్టు మార్చే అధికారాన్ని 2001 ఇంధన పొదుపు చట్టం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో అలాగే సొంత నియమావళి తెచ్చింది. 2022 సవరణతో ఇళ్ళనూ ఈ పరిధిలోకి తేవడానికి దారి ఏర్పడింది. కాబట్టి ప్రైవేటు ఇళ్ళకు గీత తగ్గించమని మీరు తీర్మానం చేసి రాష్ట్రానికి పంపాలి. మున్సిపాలిటీ కట్టే భవనాలకు మాత్రం ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు, పైన చెప్పిన రెండు అంకెలనూ టెండరు షరతుల్లో రాయండి. స్థానిక సంస్థ ముందడుగు వేసిన ఉదాహరణ కూడా ఉంది. లండన్‌లోని మెర్టన్ అనే బరో కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) 2003లో, వెయ్యి చదరపు మీటర్లు దాటిన కొత్త నివాసేతర భవనాలు తమ కరెంటు, వేడి అవసరంలో 10 శాతం స్థలంలోనే పునరుత్పాదక వనరుల నుంచి తెచ్చుకోవాలని నిబంధన పెట్టింది. తర్వాత అనేక కౌన్సిళ్ళు ఆ దారి పట్టాయి.

ప్రశ్న: అపార్టుమెంటు పైకప్పుకు తెల్ల టైల్స్ వేస్తున్నాం. ఇంకా ఇన్సులేషన్ షీట్లు ఎందుకు?
– ఒక బిల్డరు, విజయవాడ

జవాబు: తెలుపు ఎండను తిప్పికొడుతుంది, షీటు లోపలికి దిగే వేడిని ఆపుతుంది. రెండూ వేర్వేరు పనులు. ఇళ్ళకు ఇంధన పొదుపు నియమావళి అయిన ఎకో నివాస్ సంహిత 2018లో కప్పు యు-విలువ (కప్పు గుండా వేడి ఎంత సులువుగా దిగుతుందో చెప్పే అంకె) 1.2 మించకూడదు. ఆరంగుళాల ఉత్త శ్లాబుకు అది సుమారు 3.3. రంగు ఎంత తెల్లగా ఉన్నా ఈ అంకె కదలదు. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు వేస్తే ఒకటి లోపుకు, 50 వేస్తే 0.6 లోపుకు దిగుతుంది. వరుస ఇలా: శ్లాబు, వాటర్‌ప్రూఫింగ్, అతుకులు ఒకే గీతలో రాకుండా షీట్లు, పాలిథిన్, జాలీ వేసిన 50 మిల్లీమీటర్ల కాంక్రీటు వాలుతో, ఆపైన టైల్స్. మామూలు థర్మోకోల్ వాడితే బరువుకు అణుగుతుంది, టైల్స్ పగులుతాయి.

కిటికీల లెక్క కూడా అదే సంహితలో ఉంది. విజయవాడ వంటి వేడి, ఉక్కపోత ప్రాంతంలో తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో 16.66 శాతం ఉండాలి. 900 చదరపు అడుగుల ఫ్లాటుకు 150 చదరపు అడుగులు, బాల్కనీ తలుపులతో కలిపి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, ప్లానులో మొత్తం కిటికీ కొలత రాస్తే లెక్క తప్పుతుంది. బయటికి తెరుచుకునే రెక్కలు పెట్టించండి.