తేడాలో ఆరు కనిపిస్తే

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

కౌంటర్లో కూర్చున్న మొదటి వారంలోనే రెండుసార్లు సాయంత్రం లెక్క తేలలేదని ఫోన్లో చెప్తూంటే నీ గొంతు పూడిపోయింది. ఒకరోజు తేడా 600, ఇంకోరోజు 6,600 అన్నావు. ఆ అంకెలు వినగానే నాకు విషయం తెలిసిపోయింది. నీకు లెక్క రాకపోవడం కాదమ్మా, నీ వేళ్లకు ఫోను అలవాటు.

ఫోనులో పైవరుస 1, 2, 3. కీబోర్డు కుడిపక్క అంకెల్లో, కాలిక్యులేటర్లో పైన 7, 8, 9. నడిమి వరుస రెండింట్లోనూ ఒకటే. అందుకని వేలు పొరబడితే 1కి 7, 2కి 8, 3కి 9 పడుతుంది. ఎలా చూసినా తేడా ఆరే! 1,250 కొట్టబోయి 7,850 కొడితే తేడా 6,600. కాబట్టి 6, 60, 600 లాంటి తేడా వస్తే ముందు 1, 2, 3, 7, 8, 9 అంకెలున్న వోచర్లే తియ్యి. 45కి బదులు 54 కొట్టినట్టు పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదో ఎక్కంలో పడుతుంది. దాన్ని వేరేగా వెతకాలి.

మాకీ తికమక లేదు, మా రోజుల్లో ఫోను డయల్ తిప్పేది. 1914 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన సండ్‌స్ట్రాండ్ కూడిక యంత్రంలోనే 7, 8, 9 పైన ఉండేవి. కాలిక్యులేటర్లదీ అదే దారి. బటన్ల ఫోను సంగతి వేరు. అక్కడి టెలిఫోను కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ వాళ్లు మీటల్ని రకరకాలుగా అమర్చి, మనుషుల చేత నొక్కించి చూసి, ఆ ఫలితాలు 1960లో అచ్చువేశారు. అమరికల మధ్య పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. చివరికి 1 పైన ఉన్నదాన్నే ఎంచుకున్నారు. 1963 నవంబరులో అది పెన్సిల్వేనియాలో జనం చేతికొచ్చింది. గుమాస్తాల వేగం తగ్గించడానికే తిప్పిపెట్టారని ఎవరైనా చెబితే నమ్మకు.

ఇక నువ్వు చేయాల్సింది. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, తడిమి చూడు. మధ్యవేలు దాని మీద, చూపుడువేలు 4 మీద, ఉంగరపువేలు 6 మీద, బొటనవేలు 0 మీద. చూపు మాత్రం వోచరు మీదే. పాత కరెంటు బిల్లులు ముందేసుకుని రోజూ పావుగంట కొట్టు. మొదట్లో నెమ్మదిగా సాగినా కంగారుపడకు. కస్టమర్లు పిన్ నొక్కే కార్డు మిషనుది ఫోను వరుసే. దాన్నిగానీ ఫోన్నిగానీ ముట్టుకుని వచ్చిన ప్రతిసారీ ముందు ఆ బొడిపె వెతుక్కుని, తర్వాతే అంకె నొక్కు.

ఆదివారం ఎలాగూ వస్తున్నావుగా, అటక మీది పాత కీబోర్డు దింపించి తుడిచి ఉంచుతాను.

మీ పెదనాన్న