ప్రైమరీ తరగతుల్లో ఆటలతో పాఠాలు చెబితే పిల్లలు చదువులో వెనకబడతారా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాబు రెండో తరగతి. "ఈ రోజు ఏం చెప్పారు?" అంటే "ఆడుకున్నాం" అంటాడు. నోట్‌బుక్కులు సగం ఖాళీ. బంధువుల పిల్లలేమో ఎక్కాలు గడగడా అప్పజెబుతున్నారు. స్కూలు మార్చాలా అని టెన్షన్ పడుతున్నారు. నేను చాలా ఏళ్లుగా ఒకటి, రెండు, మూడు తరగతులకే పాఠాలు చెబుతున్నాను. పెద్ద క్లాసులకు వెళ్లమన్నా వెళ్లలేదు, ఈ వయసు పిల్లలతో పనంటేనే నాకు ఇష్టం. కాబట్టి క్లాసులో చూసిందీ, దాని గురించి చదివిందీ కలిపి చెబుతాను.

ఆటల వల్ల వెనకబడరు. అయితే "ఆడిస్తున్నారు" అన్న ఒక్క మాట విని ఆ స్కూలు మంచిదనీ చెప్పలేం, పనికిరాదనీ చెప్పలేం. ఆ ఆటలో నేర్చుకోవాల్సిన విషయం ఉందా, పిల్లవాడికి అది అందుతోందా అన్నది చూడాలి.

పాము నిచ్చెనల ఆటనే తీసుకోండి. ఒక బాబు కాయ 25వ గడిలో ఉంది. పాచిక వేస్తే 4 పడింది. వాడు కాయను జరుపుతూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టి ఆగుతాడు. అదే గడి నుంచి అదే 4 పడిన పాప మాత్రం "ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది" అంటూ జరుపుతుంది. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకే ఆట ఆడుతున్నట్టే ఉంటుంది. కానీ బాబు నాలుగు వరకు లెక్కపెట్టడమే మళ్లీ మళ్లీ చేస్తున్నాడు, అది వాడికి ఎప్పుడో వచ్చు. పాప 25కి 4 కలుపుతోంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2008లో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు ఇంకా బడిలో చేరని, పేద కుటుంబాల పిల్లలతో ఒక బోర్డు ఆట ఆడించారు. ఒకే వరసలో 1 నుంచి 10 వరకు అంకెలు వేసిన గళ్లు, అంతే. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట చొప్పున ఆడారు. ఆ కాస్త ఆటకే అంకెలను గుర్తుపట్టడం, రెండింటిలో ఏది పెద్దదో చెప్పడం మెరుగుపడింది. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ మెరుగుదల నిలిచే ఉంది. అదే బోర్డు మీద అంకెలకు బదులు రంగులు వేసి ఆడించిన పిల్లల్లో అలాంటి మార్పు రాలేదు. ఆడినసేపు వాళ్లూ సరదాగానే ఆడి ఉంటారు, కానీ ఆ బోర్డు మీద అంకెలు లేవు. తర్వాత 2014లో ఎలిడా లాస్కీ, సీగ్లర్ కలిసి 100 వరకు ఉన్న బోర్డుతో పరీక్షిస్తే, నేను పైన చెప్పిన తేడాయే బయటపడింది. ఉన్న గడి అంకె నుంచి ముందుకు లెక్కపెట్టిన పిల్లలు బాగుపడ్డారు, ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టినవాళ్లకు అంత లాభం లేదు.

అందుకే మా క్లాసులో ఒకటే రూల్: కాలు పెట్టే ప్రతి గడి మీది అంకెనూ పైకి చదవాలి, చదవకపోతే ఆ వంతు పోయినట్టే. ఇది నేను అమలు చేయాల్సిన పని లేదు. పక్కవాడు ఎక్కడ తప్పుతాడా అని కాచుకుని కూర్చునే పిల్లలు నాకంటే చాలా స్ట్రిక్ట్. "కాలు పెట్టే" అని ఎందుకన్నానంటే, మొదట్లో బోర్డు వాడను. మామూలు పాము నిచ్చెనల బోర్డులో ఒక వరస కుడికీ, పై వరస ఎడమకీ నడుస్తుంది. ఆ మలుపు దగ్గర చిన్నపిల్లలు తికమకపడి ఆట మొత్తం గొడవ చేసేస్తారు. నేల మీద చాక్‌పీసుతో ఒకే వరసలో గళ్లు గీస్తే, పిల్లలే కాయలై నడుస్తారు.

ఇక కుతూహలం గురించి. పిల్లలకు దాన్ని మనం కొత్తగా నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గర కావలసినంత ఉంది. దాన్ని ఆపేసే పని మాత్రం పెద్దవాళ్లం బాగా చేస్తాం, అదీ మంచి ఉద్దేశంతోనే. 2011లో వెలువడిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం ఒక కొత్త బొమ్మ తయారు చేసింది. అందులో లాగితే కూతపెట్టే గొట్టం, వెలిగే దీపం, సంగీతం వినిపించే మీటలు, లోపల ఒక అద్దం, ఇలా నాలుగు తమాషాలున్నాయి. కొందరు పిల్లలకు "ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తా" అని టీచర్ తరహాలో కూత ఒక్కటే చూపించి బొమ్మ చేతికిచ్చారు. ఇంకొందరి దగ్గర అదే కూత పొరపాటున వచ్చినట్టు నటించారు. చక్కగా "పాఠం" విన్న పిల్లలు తక్కువసేపు ఆడారు, మిగతా తమాషాల్లో తక్కువ కనిపెట్టారు. పెద్దవాళ్లు చూపించారంటే ఇందులో ఉన్నది ఇంతే అనుకున్నారన్నమాట. వాళ్ల తర్కం తప్పని కూడా అనలేం.

నా క్లాసులో దీన్ని బాగా చూడగలిగేది నీళ్ల తొట్టి దగ్గర. ఒక్కొక్కరికీ ఒకే సైజు బంకమట్టి ముద్ద ఇచ్చి, "దీన్ని నీళ్ల మీద తేలేలా చేయండి" అని మాత్రమే చెబుతాను. ముద్ద వేస్తారు, మునుగుతుంది. చిన్న ముక్క తుంచి వేస్తారు, అదీ మునుగుతుంది. "టీచర్, చిన్నది తేలాలి కదా!" అని ఒకరు కోపంగా అంటారు, బరువు తక్కువైతే తేలుతుందని వాళ్ల నమ్మకం. సన్నగా పామి రొట్టెలా వేస్తారు, ఒక్క క్షణం నిలిచి పక్కకు వాలి మునుగుతుంది. ఇక్కడ నోరు మూసుకుని ఉండటం చాలా కష్టం. ఒకసారి ఒక పాప, మామూలుగా క్లాసులో పెదవి విప్పనిది, అంచులు పైకి మడిచి గిన్నెలా చేసి మెల్లగా వదిలింది. తేలింది. ఆ తర్వాత పది నిమిషాలు ఆ తొట్టి చుట్టూ ఊపిరాడలేదు. అందరూ అంచులు మడవడమే. ఎవరో చాక్‌పీసు ముక్కలు ఒక్కొక్కటిగా అందులో వేసి, ఎవరి గిన్నె ఎన్ని మోస్తుందో పోటీ పెట్టారు. నేను చెప్పకుండానే పలక మీద పేర్లు, పక్కన అంకెలు రాసుకున్నారు. "నీకంటే నాది మూడు ఎక్కువ" అనడం తీసివేత లెక్క కాక మరేమిటి? మర్నాడు ఒకడు వస్తూనే అడిగాడు: "ఇనుప మేకు మునిగింది కదా, మరి ఓడ ఇనుముతోనే చేస్తారట, అదెలా తేలుతుంది?"

జవాబు ఆ రోజు చెప్పలేదు. "నీ గిన్నె ఎలా తేలింది?" అని తిరిగి అడిగాను. వాడు కాసేపు ఆలోచించి "లోపల ఖాళీ ఉంది కాబట్టి" అన్నాడు. రెండో తరగతికి అది చాలు. పైక్లాసుల్లో సాంద్రత, ఆర్కిమెడిస్ సూత్రం వచ్చినప్పుడు దాన్ని తగిలించుకోవడానికి వాడి దగ్గర ఒక అనుభవం ఉంటుంది. ఆ రోజు నోట్‌బుక్‌లో ఏముందంటారా? వంకరటింకర గిన్నె బొమ్మ ఒకటి, "మునిగింది, తేలింది" అన్న రెండు మాటలు. మీలాంటి తల్లిదండ్రులు చూస్తే ఖాళీ పేజీ అనే అంటారు, వాళ్లను తప్పుపట్టను.

టీచర్లకూ ఇంట్లో పెద్దలకూ పనికొచ్చే చిన్న విషయం ఒకటి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త క్లాసు రికార్డింగులు విని చూస్తే, ప్రశ్న వేసిన టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. ఆపైన తామే చెప్పేయడమో, ఇంకొకరిని లేపడమో చేస్తున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేస్తే జవాబులు పెద్దవయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది. 1970లలో చెప్పిన మాట ఇది. మీరూ ప్రయత్నించండి, మూడు సెకన్ల మౌనం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుస్తుంది.

ఆటతో అన్నీ వస్తాయని మాత్రం నేను అనను. అలా చెప్పే బ్రోచర్లు చూస్తే నాకు చిరాకు. నీళ్లలో ఏది తేలుతుందో పిల్లవాడు తనంతట తాను కనిపెట్టగలడు. 'క' అనే ఆకారాన్ని ఆ శబ్దంతోనే పలకాలని ఎవరూ కనిపెట్టలేరు. అది మనుషులు చేసుకున్న ఏర్పాటు, ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వరసగా నేర్పాలి, రోజూ కాస్త చదివించాలి, కాస్త రాయించాలి. దీన్ని ఆటలా సరదాగా చేయొచ్చు గానీ ఆటకు వదిలేయలేం.

ఎక్కాలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. గులకరాళ్లను వరసకు నాలుగు చొప్పున మూడు వరసలు పేర్చమంటాను. లెక్కపెడితే పన్నెండు. ఇప్పుడు పక్క నుంచి వచ్చి చూడమంటాను. వరసకు మూడు చొప్పున నాలుగు వరసలు కనబడతాయి, రాళ్లు అవే. మూడు నాలుగులు వస్తే నాలుగు మూళ్లు వచ్చేసినట్టే అని తెలిసిన పిల్లవాడికి బట్టీ పట్టాల్సిన బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. ఆ తర్వాత అప్పజెప్పించడం కూడా అవసరమే, ఎక్కం నాలుక మీద ఉంటే పెద్ద లెక్కలు సులువు. మీ బంధువుల పిల్లలు గడగడా చెబుతున్నారంటే సంతోషమే. ఏడు ఆరులు ఎంతో మర్చిపోతే ఎలా కనుక్కుంటావని ఒకసారి అడిగి చూడండి. "ఏడు ఐదులు ముప్పై ఐదు, ఇంకో ఏడు కలిపితే నలభై రెండు" అన్నవాడికి ఎక్కం అర్థమైనట్టు. మొదటి నుంచీ మళ్లీ అందుకునేవాడికి ఇంకా కాలేదు.

మీ బాబు విషయానికొస్తే, "ఏం చెప్పారు?" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు ఏ పిల్లవాడూ సరైన జవాబు ఇవ్వడు. "ఏ ఆట ఆడారు? నాకూ నేర్పు" అనండి. వాడు నియమాలు చెప్పి, మిమ్మల్ని ఆడించి, మీరు తప్పు చేస్తే పట్టుకుంటే అందులో ఏముందో మీకే కనబడుతుంది. రోజూ "ఊరికే పరుగెత్తాం" అనే మాటే వస్తే టీచర్‌ని కలవండి. ఈ ఆటలో పిల్లలకు ఏం రావాలని అనుకుంటున్నారు, వచ్చిందో లేదో ఎలా చూస్తున్నారు అని నెమ్మదిగా అడగండి. పని తెలిసిన టీచర్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. పైగా మీ బాబు ఎక్కడ ఆగుతున్నాడో కూడా చెబుతారు. "పిల్లలు ఎంజాయ్ చేస్తున్నారండీ" అన్నదొక్కటే సమాధానమైతే మీ అనుమానానికి కారణం ఉన్నట్టే.

ఒక్క మాట, ఆటలో నేర్చుకోవాల్సిన విషయం ఉండాలని నేను పెట్టిన షరతు క్లాసులో ఆడే ఆటలకే. విరామంలోనూ, సాయంత్రం ఇంటి దగ్గరా ఆడే ఆటకు ఏ ప్రయోజనమూ చూపించక్కర్లేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణ విశ్రాంతినీ ఆటనూ పిల్లల హక్కుగానే రాసింది. కాబట్టి ఇంట్లో ప్రతి ఆటనూ పాఠంగా మార్చకండి, బాగా ఆడితే స్టిక్కర్ ఇస్తామనీ ఆశపెట్టకండి. ముందే బహుమతి ఆశచూపి బొమ్మలు వేయించిన పిల్లలు, తర్వాత తమంతట తాము వేయడం తగ్గించేశారని 1973లోనే మార్క్ లెపర్ బృందం చూపించింది.

ఏడాది చివరికి మాత్రం ఆటల సంగతి పక్కనపెట్టి రెండు విషయాలు చూసుకోండి. కొత్త పుస్తకంలోంచి నాలుగైదు చిన్న వాక్యాలు తనంతట తాను చదివి, ఏముందో చెప్పగలగాలి. రెండంకెల కూడిక, తీసివేత చేసి, ఎలా చేశాడో వివరించగలగాలి. ఈ రెండూ వస్తే ఖాళీ నోట్‌బుక్ గురించి దిగులు వద్దు. రాకపోతే ఇంకో ఏడాది ఎదురుచూడకుండా అప్పుడే టీచర్‌తో కూర్చోండి. క్లాసులో చదివించడం సరిపోవడం లేదా, అక్షరాల దగ్గరే ఎక్కడైనా ఆగిపోయాడా, కంటిచూపులోనో వినికిడిలోనో ఏదైనా ఇబ్బంది ఉందా అన్నది ఒక్కొక్కటిగా చూడాలి. స్కూలు మార్చే ఆలోచన ఆ తర్వాత.