ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ ప్రశ్నావళి చదివాను. ఎంవీపీ కాలనీ రైతుబజారు దగ్గర నిలబడి ‘డబ్బు విషయంలో ఆడవాళ్ల సలహా నమ్ముతారా?’ అని అడిగితే, అందరూ నమ్ముతామనే అంటారమ్మా. అబద్ధమాడతారని కాదు, తమ మొగ్గు ఎటు ఉందో చాలామందికి తెలియదు. అందుకని అడగొద్దు, ఏం చేస్తారో చూడు.

ముందు ఎస్తర్ డఫ్లో, లోరీ బీమన్ అనే ఆర్థికవేత్తలు, వాళ్ల తోటివాళ్లు కలిసి పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో చేసిన పని చదువు. 2009లో అచ్చయింది. నాయకుడి ప్రసంగం ఒక్కటే. కొందరికి మగ గొంతులో, కొందరికి ఆడ గొంతులో వినిపించారు. ఎవరికి ఏదన్నది లాటరీ. పంచాయతీ పెద్దగా మహిళ ఎప్పుడూ లేని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. రిజర్వేషన్ వల్ల మహిళ పదవిలోకి వచ్చిన ఊళ్లలో ఆ తేడా పోయింది. వివక్ష ఉందని చూపి ఊరుకోకుండా, అది తగ్గే దారి కూడా చూపిందని నాకు ఆ పని అంటే అంత గౌరవం.

నువ్వూ అలాగే చెయ్యి. మనిషికి 50 రూపాయలు ఇవ్వు. అందులో ఎంత పందెం పెట్టాలో రికార్డు చేసిన సలహా వినిపించు. బొమ్మ పడితే పెట్టినదానికి రెండింతలు, బొరుసు పడితే సగం. మిగిలింది వాళ్లదే. అసలు డబ్బే ఇవ్వాలి. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న వెర్నన్ స్మిత్ కూడా పట్టుబట్టింది దీని మీదే.

గొంతుల దగ్గర మాత్రం తొందరపడకు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయితో సరిపెడితే, ఆ అబ్బాయి ధీమాగా మాట్లాడేవాడైతే నువ్వు కొలిచేది ధీమానే. అటు నలుగురు, ఇటు నలుగురు ఉండాలి. మాట, వేగం, యాస ఒకేలా ఉండాలి. ఒకరిది శ్రీకాకుళం యాస, ఇంకొకరిది టీవీ తెలుగు అయితే అంతా పాడవుతుంది. మన వైజాగ్‌లో యాసను బట్టి మనిషికి విలువ కట్టే అలవాటు ఎంత ఉందో నీకు తెలుసు. నాకది చాలా బాధగా ఉంటుంది. వచ్చే ఏడాది దాని మీదే ఇంకో ప్రయోగం చేద్దువుగాని.

పొద్దున మగ గొంతు, సాయంత్రం ఆడ గొంతు అని పెట్టకు. పొద్దున వచ్చే రిటైరైనవాళ్లూ, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేవాళ్లూ ఒకలాంటివాళ్లు కారు. ప్రతి మనిషికీ అప్పటికప్పుడు చీటీ తియ్యి. హెడ్‌ఫోన్స్ పెట్టు. రాసుకునే నీ స్నేహితురాలికి కూడా ఏ గొంతు వినిపిస్తోందో తెలియకూడదు.

అనుమతి అడగడం, పని అయ్యాక అసలు విషయం చెప్పడం ఎలాగూ తప్పవు. ఎంతమందిని తీసుకోవాలో, ఏ తేడా వస్తుందనుకుంటున్నావో ముందే కాగితం మీద రాసి తేదీ వేసి మీ గైడ్‌కు ఇచ్చెయ్యి. తేడా ఏమీ రాకపోయినా అదే రాయాలి. ముందుగా హాస్టల్లో కొందరి మీద చేసి చూడు, ఆ డబ్బు నేను పంపిస్తాను.

మీ మావయ్య