చలికాలంలో ఇంటి నీళ్ల పైపులు గడ్డకట్టకుండా

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త ఇంట్లో నీకిది మొదటి చలికాలం కాబట్టి, నీళ్ల పైపులు గడ్డకట్టకుండా ఏం చెయ్యాలని నువ్వు అడిగిన దానికి కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను.

ముందుగా పైపు ఎందుకు పగులుతుందో తెలుసుకో. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కనుక మంచు చేరిన చోటే పైపు చీలుతుందని చాలామంది అనుకుంటారు గాని, తరచుగా పగులు వచ్చేది మరో చోట. పైపు మధ్యలో మంచు బిరడాలా అడ్డుపడి, పెరుగుతున్నకొద్దీ తన ముందున్న నీటిని కుళాయి వైపు నెడుతుంది. కుళాయి మూసి ఉంటే ఆ నీటికి పోయే దారి లేక ఒత్తిడి విపరీతంగా పెరిగి, మంచుకూ కుళాయికీ మధ్య ఏ అతుకు బలహీనంగా ఉంటే అది విడిపోతుంది. గట్టి చలి రాత్రుల్లో కుళాయిని సన్నగా కారనివ్వమనేది అందుకే. అలా వదిలినా మంచు కట్టవచ్చు, కానీ ఒత్తిడికి దారి దొరుకుతుంది. ఏదో ఒక కుళాయి వదిలితే సరిపోదు. చలి తగిలే పైపు ఏ కుళాయికి వెళుతుందో చూసి దాన్నే వదలాలి. వేడినీళ్ల పైపు కూడా గడ్డకడుతుంది కాబట్టి వేడినీళ్లూ చన్నీళ్లూ రెండూ కారనివ్వు. నీళ్లు వృథా అని నీకు మనసొప్పదని తెలుసు, అడుగున ఒక బకెట్ పెట్టుకో.

బయట ఉష్ణోగ్రత మైనస్ 6, 7 డిగ్రీలకు దిగితే రక్షణ లేని పైపులకు ముప్పు మొదలైనట్టే లెక్క. చల్లగాలి నేరుగా తగిలే చోట అంతకు ముందే గడ్డకట్టవచ్చు. ఈ భయం ఇంట్లోని కొన్ని పైపులకే ఉంటుంది. బయటి గోడల్లోనూ, అటకలోనూ, గ్యారేజీలోనూ, నేల కింది ఖాళీలోనూ వెళ్లేవాటిని వెతుకు. వంటింటి సింకు బయటి గోడకు ఆనుకుని ఉంటే, గాలి వీచే రోజున దాని కింది అరలోని సామాను తీసి, పైపు గోడలోకి దూరే కంత దగ్గర అరచెయ్యి పెట్టి చూడు. చెయ్యి చల్లబడితే ఆ సందును ముందు మూయించు. సన్నటి సందులోంచి వచ్చే గాలి చేసే చెరుపు ఇంతా అంతా కాదు. చలి ముదిరిన రాత్రి ఆ అర తలుపులు తెరిచే ఉంచితే గది వెచ్చదనం పైపుకు అందుతుంది, అయితే లోపలున్న శుభ్రపరిచే మందులు పిల్లల చేతికి అందకుండా పైకి పెట్టు.

పైపులకు వేసే ఫోమ్ తొడుగులు కొనేటప్పుడు వంపుల దగ్గరా, అతుకుల దగ్గరా ఖాళీ మిగలకుండా టేపు చుట్టాలని గుర్తుంచుకో. తొడుగు ఉన్న వేడిని నిలుపుతుందే తప్ప కొత్తగా వేడిని పుట్టించదు కాబట్టి, అసలే వెచ్చదనం లేని చోట అది గడ్డకట్టడాన్ని ఆలస్యం మాత్రమే చేస్తుంది. అలాంటి చోట పైపుకు చుట్టి కరెంటుతో వెచ్చబరిచే హీటింగ్ కేబుల్ వేయించు, చలిని బట్టి దాన్ని దానంతటదే నడిపి ఆపే థర్మోస్టాట్ ఉన్నది చూసుకో. తయారీదారు చెప్పినట్టే చుట్టాలి, అనుమతి లేనిదే ఒక చుట్టు మీద మరో చుట్టు పడనివ్వకూడదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంటుంది. బయటి గోడలో ఇన్సులేషన్ (చలిని అడ్డుకునే పొర) నింపించేటప్పుడు అది పైపుకూ బయటి వైపుకూ మధ్య ఉండాలి. పైపుకూ గదికీ మధ్య కూరితే, ఉన్న కాస్త వేడినీ నువ్వే అడ్డుకున్నట్టవుతుంది. పని తెలిసినవాళ్లు కూడా ఇక్కడ పొరపాటు చేస్తుంటారు, దగ్గరుండి చూసుకో.

తోట కుళాయికి తగిలించిన గొట్టాన్ని చలి రాకముందే విప్పేసి, ఆ కుళాయికి నీళ్లు పంపే లోపలి వాల్వు మూసి, బయటి కుళాయి తెరిచి మిగిలిన నీళ్లు పోనివ్వు.

ఊరు వెళ్లేటప్పుడు హీటింగ్ పూర్తిగా ఆపకు. కనీసం 13 డిగ్రీలు ఉండేలా పెట్టు. చాలా రోజులు వెళుతుంటే ఇల్లంతటికీ నీళ్లు ఆపే మెయిన్ వాల్వు మూసి, అన్నిటికంటే పైనున్న కుళాయినీ కిందనున్న కుళాయినీ తెరిచి పైపులు ఖాళీ చెయ్యి. అంతకు ముందే వాటర్ హీటర్ ఆపెయ్యాలి. అయితే ఇంటి హీటింగ్ వేడినీళ్ల బాయిలర్‌తో నడుస్తున్నా, మంటలార్పే స్ప్రింక్లర్లు ఉన్నా, ప్లంబరును అడగకుండా నీళ్లు మూయవద్దు. ఆ మెయిన్ వాల్వు ఎక్కడుందో ఈ వారమే వెతికి, ఒకసారి తిప్పి చూడు. ఏళ్ల తరబడి కదలనిది బిగుసుకుపోయి ఉండవచ్చు. కోడలికి కూడా చూపించు.

ఇంత చేసినా ఒక ఉదయం కుళాయిలో నీళ్లు దారంలా వచ్చి ఆగిపోతే, కంగారుపడకుండా ఆ కుళాయిని తెరిచే ఉంచు. గడ్డకట్టిన పైపును కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి వెళుతూ హెయిర్ డ్రయ్యర్‌తోనో, వేడినీళ్లలో పిండిన తువ్వాళ్లతోనో కరిగించు. తడి నేల మీద నిలబడి కరెంటు పరికరం పట్టుకోకు, మంట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చూపించకు. పైపు గోడలోపల ఉంటే ప్లంబరును పిలవడమే మంచిది. నీళ్లు మళ్లీ వచ్చాయని అక్కడితో వదిలెయ్యకు. పగిలిన చోటును అంతవరకు మంచే మూసి ఉంచుతుంది కాబట్టి కారడం కరిగాకే బయటపడుతుంది. ఓ గంటసేపు ఆ దారంతా, ముఖ్యంగా అతుకుల కింద, చేత్తో తడిమి చూడు. ఎక్కడ తడి తగిలినా ముందు మెయిన్ వాల్వు మూసి, ఆ తరువాతే ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న