పాకాల నుంచి ఒక తండ్రి ప్రశ్న: అమ్మాయి ప్రాజెక్టు మాన్పించాలా?

ప్రశ్న: సార్, నేను పాకాలలో పేపర్ ఏజెంటుని. మా అమ్మాయి తిరుపతిలో ఈసీఈ ఫైనల్ ఇయర్ చదువుతోంది. మనుషులు కదులుతుంటే మొబైల్ నెట్‌వర్క్‌లో మల్టీకాస్ట్ డేటా ఎట్లా అందించాలి అనే ప్రాజెక్టు తీసుకుంది. దాంతో ఉద్యోగం రాదు, అది వదిలేసి హైదరాబాద్‌లో ఫుల్ స్టాక్ కోర్సులో చేర్పించమని మా బంధువులు ఒకటే పోరు. నాకేమో ఆ సబ్జెక్టే అర్థం కాదు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, మాన్పించొద్దు. అర్థం కాదన్నారు గానీ, ఆ సబ్జెక్టులో ఉన్నది మీరు రోజూ తెల్లవారుజామున చేసే పనే.

పాకాలకు పేపర్ కట్ట ఒకటే దిగుతుంది, ఇంటింటికీ పంచేది మీరు. వంద మంది చందాదారులున్నారని ప్రెస్సు నుంచి వంద మంది బయల్దేరి రారు. మల్టీకాస్ట్ అంటే అదే, ఒకే వీడియోను వెయ్యి మంది చూస్తుంటే దారంతా ఒక్క కాపీనే నడిపించి, దారులు చీలే చోట మాత్రం కాపీలు తీస్తారు. ఇప్పుడు ఒక చందాదారు మీతో చెప్పకుండా చంద్రగిరికి మకాం మార్చాడనుకోండి. మీరు ఖాళీ ఇంట్లో పేపర్ వేస్తూనే ఉంటారు, చంద్రగిరి ఏజెంటుకు ఆయన వచ్చిన సంగతే తెలియదు. ఫోన్ ఒక గేట్‌వే, అంటే ఆ ప్రాంతపు ఫోన్లకు మీలాగా డేటా పంచే రౌటర్, కింద నుంచి ఇంకోదాని కిందికి మారినప్పుడు జరిగేది ఇదే. ఒకే వీడియో చూసేవాళ్లందరినీ కలిపి గ్రూపు అంటారు. ఈ గ్రూపు డేటా ఎవరికైనా కావాలా అని రౌటర్ అప్పుడప్పుడు అడుగుతుంటుంది, దానికి మామూలుగా ఉండే గడువు 125 సెకన్లు. ఫోన్ తనంతట తాను చెప్పకపోతే రెండు నిమిషాల పైన బొమ్మ ఆగిపోవచ్చు. పాత చోటేమో ఎవరూ లేకపోయినా 260 సెకన్ల దాకా డేటా పోస్తూనే ఉండొచ్చు.

సరే, పాత ఏజెంటే మకాం మారినవాళ్లకు విడిగా కొరియర్‌లో పంపితే? అదీ ఒక పద్ధతే, టన్నెల్ అంటారు. కానీ పది మంది చందాదారులు పది ఊళ్ల నుంచి వచ్చి ఒకే వీధిలో చేరితే, పక్కనే కట్ట ఉన్నా ఆ వీధికి అదే పేపర్ పది కొరియర్లలో వస్తుంది. నెట్‌వర్క్‌లో ఇది పెద్ద తలనొప్పి. ఇక మొదట చెప్పిన బొమ్మ ఆగిపోయే సమస్యకు దారులున్నాయి. ఇంటర్నెట్ పద్ధతులను రాసిపెట్టే సాంకేతిక పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6224 అనే పత్రంలో, కొత్త చోటి గేట్‌వే 125 సెకన్ల కోసం ఆగకుండా, ఫోన్ రాగానే నీకేం కావాలని అడుగుతుంది. 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7161లో ఆ అడగడం కూడా లేకుండా, ఈ ఫోన్‌కు ఏ గ్రూపులున్నాయో ఆ వివరమే కొత్త గేట్‌వేకు అందుతుంది, మీరు చంద్రగిరి ఏజెంటుకు చీటీ రాసి పంపినట్టు. మీ అమ్మాయి ఈ రెండూ చదివి తీరాలి.

ఇక ఉద్యోగం. ఉన్నమాట చెప్తాను. మల్టీకాస్ట్ మొబిలిటీ పేరుతో ఉద్యోగాలు చాలా తక్కువ. 5జీలో రిలీజ్ 17 అనే విడత నుంచి మల్టీకాస్ట్‌కు ప్రమాణాలు ఉన్నాయి, అయినా ఫోన్‌లో క్రికెట్ చూసేవాళ్లకు నేటికీ ఎక్కువగా ఎవరి కాపీ వాళ్లకు విడిగానే వెళ్తోంది. కానీ ఈ ప్రాజెక్టు సరిగ్గా చేసిన పిల్లకు డేటాకు దారి చూపే రౌటింగ్, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, ప్యాకెట్లు (డేటా ముక్కలు) చూసి తప్పు పట్టుకోవడం చేతికొస్తాయి, టెలికాం పరికరాల కంపెనీల్లో ప్రోటోకాల్ టెస్టింగ్‌కు, అంటే పరికరాలు నియమాల ప్రకారం మాట్లాడుకుంటున్నాయా అని పరీక్షించే పనికి, కావలసింది అదే. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లు బ్రోకర్లకు ధరల సమాచారం పంపేదీ మల్టీకాస్ట్‌లోనే, ఐపీటీవీ, అంటే ఇంటర్నెట్ లైను మీద వచ్చే టీవీ, నడిచేదీ దాని మీదే. ఎంటెక్ మీద మనసుంటే గేట్ పరీక్ష రాయనివ్వండి, ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఇంటికీ దగ్గర.

నాకు అసలు భయం వేరే ఉంది. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే చోట్లు ఊరూరా ఉన్నాయి, డబ్బు కట్టి రిపోర్టు తెచ్చుకున్న పిల్లలు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నోరు తెరవలేక టెన్షన్ పడిపోవడం నేను చాలాసార్లు చూశాను, వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదన్నా, చేత్తో చేయలేదు అంతే. మీ అమ్మాయిని అటు పోనివ్వొద్దు. ఖర్చు కూడా లేదు. ఒక లినక్స్ ల్యాప్‌టాప్‌లోనే రెండు చిన్న నెట్‌వర్క్‌లు తయారుచేసి, 239తో మొదలయ్యే ఒక గ్రూపు అడ్రసుకు వీడియో పంపి, చూసేవాణ్ణి ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చి, ఎన్ని సెకన్లు ఆగింది, ఎన్ని ప్యాకెట్లు పోయాయి అని ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కపెట్టాలి. తర్వాత, మారగానే రౌటర్ అడగకముందే చూసేవాడే ఈ గ్రూపు కావాలని చెప్పేటట్టు చేసి మళ్లీ లెక్కపెట్టాలి. ఆ రెండు అంకెలకూ తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అరగంట ఆమే మాట్లాడుతుంది.

ఫుల్ స్టాక్, అంటే వెబ్‌సైట్ ముందూ వెనకా మొత్తం తయారుచేసే పని, చెడ్డదేం కాదు, కాకపోతే దానికోసం ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్టు వదిలి హైదరాబాద్ పోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. పైథాన్, సీ మాత్రం ఈ ఏడాదే గట్టిగా నేర్చుకోమనండి, రోజుకు గంట చాలు. డిగ్రీ చేతికొచ్చాక కూడా అటువైపే మనసుంటే అప్పుడు చేరొచ్చు.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు తెల్లవారుజామున కట్ట విప్పే టైముకు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఇంటికి ఎందుకు ఆపేశారు, కొత్తగా ఎవరొచ్చారో మీకెట్లా తెలుస్తుంది, అన్నీ చెప్పండి. మొదటి లెక్క తేలగానే ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపమనండి, చూసి ఆ తర్వాత ఏం చేయాలో చెప్తాను.