ఒడ్డు మట్టిలో పాదరసం ఉందంటే చేపలు మానేయాలా?

మీ ప్రశ్న ఇది: వరంగల్ దగ్గరి రిజర్వాయరు ఒడ్డు మట్టిలో కిలోకు 0.15 మిల్లీగ్రాముల పాదరసం ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆ పూడిక మట్టిని చేలో వేయవచ్చా, అక్కడి చేపలు తినవచ్చా?

ఆ ఒక్క అంకె ఈ రెండింటిలో దేనికీ పూర్తి జవాబు చెప్పదు. అది మొత్తం పాదరసం. మంచినీటి అడుగు మట్టికి కెనడా పెట్టుకున్న మార్గదర్శక విలువ 0.17, మీది దాని లోపే ఉంది. అయితే తేల్చుకోవలసింది అందులో ఏ రూపం ఎంత అని. గంధకంతో బిగిసిపోయిన పాదరసం, అంటే మన ఇంగిలీకం లాంటిది, నీటిలో దాదాపు కరగదు, జీవులకు అంతగా అందదు. నీటిలో కరిగినదాన్నీ, మట్టికి వదులుగా అంటుకున్నదాన్నీ మాత్రం గాలి ఆడని బురదలోని కొన్ని బ్యాక్టీరియాలు మిథైల్ పాదరసంగా మారుస్తాయి. చేపల్లో పేరుకునేదీ, నాడీ వ్యవస్థను దెబ్బతీసేదీ అదే. అడుగు మట్టిలో అది సాధారణంగా మొత్తంలో నూటికి ఒక వంతు, అటూ ఇటూ.

పరిశోధక విద్యార్థిగా ఇటువైపు జలాశయాల ఒడ్డున చాలా బురద తవ్వాను. మొత్తం పాదరసం ఒడ్డు పైనా, నీటి అంచునా పెద్ద తేడా లేకుండా వచ్చేది. మిథైల్ రూపం మాత్రం వేసవిలో బీటలువారి, వానలకు మళ్లీ మునిగిన పట్టీలోనే ఎక్కువ. మట్టి ఎండినప్పుడు అందులో సల్ఫైడు రూపంలో ఉన్న గంధకానికి గాలి తగిలి సల్ఫేటు అవుతుంది. నీరు తిరిగి రాగానే, మునిగి కుళ్లే గడ్డితో పాటు ఆ సల్ఫేటు కూడా ఈ బ్యాక్టీరియాకు మేత. అందుకే మట్టి ఎక్కడ, ఏ నెలలో తీశారో రిపోర్టులో లేకపోతే దాన్ని నేను పెద్దగా లెక్కచేయను. పాలిథిన్ సంచిలో వేసి ఎండలో బండి మీద తెచ్చిన బురదలో మిథైల్ పాదరసం కొలవడం డబ్బు దండగ. గాలి చొరకుండా గొట్టం నిండా నింపి, ఐసులో పెట్టి తేవాలి.

చేపల సంగతికి మట్టిని కాదు, చేపనే పరీక్షించండి. చేప కండలోని పాదరసంలో చాలా భాగం మిథైల్ రూపమే కాబట్టి, మట్టికి చాలని మొత్తం పాదరసం పరీక్ష ఇక్కడ సరిపోతుంది, ఖర్చూ తక్కువ. రవ్వ, బొచ్చె కాకుండా పెద్ద కొర్రమీనును ఎంచుకోండి. అది చిన్న చేపలను తిని బతుకుతుంది కనుక, పాదరసం ఉంటే దానిలోనే ఎక్కువ ఉంటుంది. మన ఆహార ప్రమాణాల్లో మిథైల్ పాదరసానికి హద్దు కిలోకు 0.25 మిల్లీగ్రాములు. ఫలితం ఆ దరిదాపుల్లో వస్తే గర్భిణులకూ, చిన్న పిల్లలకూ ఆ చేప పెట్టకండి. వండితే పోతుందనే మాట నమ్మవద్దు, అది కండలోని ప్రోటీనుకు అతుక్కుని ఉంటుంది.

ఇక పూడిక మట్టి. పత్తి, మొక్కజొన్న చేలకైతే 0.15 దగ్గర నేను వెనుకాడను. గాలి ఆడే నేలలో మిథైల్ రూపం పెద్దగా పుట్టదు. వరి మడి అలా కాదు, నీరు నిలిస్తే అదీ ఒక చిన్న చెరువు అడుగే. చైనాలోని గుయిఝౌ పాదరసం గనుల దగ్గర బియ్యంలోకే మిథైల్ పాదరసం ఎక్కింది. అక్కడి నేలల్లో పాదరసం మీ మట్టికంటే ఎన్నో రెట్లు, కాబట్టి మీకు ఆ భయం అక్కర్లేదు. అయినా రెండు రకాల పొలాలూ ఉంటే ముందు పత్తి చేలోనే తోలించండి.