అలర్జీ ఉంటే స్కిన్ క్యాన్సర్ రాదా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క వార్త చుట్టూనే తిరిగాయి. చర్మానికి అలర్జీ ఉన్నవాళ్ళకి స్కిన్ క్యాన్సర్ తక్కువ వస్తుందట, నిజమేనా డాక్టర్ గారూ అని. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నా. మొదటి జవాబు కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 34 ఏళ్ళు. గిల్టు కమ్మలు పెట్టుకుంటే రెండో రోజుకల్లా చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారతాయి, జీన్స్ గుండీ తగిలే చోట బొడ్డు కింద ఒకటే దురద. ప్యాచ్ టెస్ట్ చేసి నికెల్ అలర్జీ అన్నారు. మొన్న చదివాను, ఇలాంటి అలర్జీ ఉన్నవాళ్ళకి స్కిన్ క్యాన్సర్, బ్రెస్ట్ క్యాన్సర్ తక్కువట. మా అమ్మ బ్రెస్ట్ క్యాన్సర్ తోనే పోయింది. అందుకని ఆయింట్‌మెంట్ రాయడం మానేశాను. అలర్జీని తగ్గించుకుంటే ఆ రక్షణ కూడా పోతుందేమో అని భయం. నేను చేసింది కరెక్టేనా?

జవాబు: అమ్మా, మీ అమ్మగారి సంగతి చదివాక మీరు ఎందుకు మందు మానేశారో అర్థమైంది. కానీ మానొద్దు, ఈ రోజు నుంచే మళ్ళీ మొదలుపెట్టండి. ఎందుకో చెప్తాను.

మీరు చదివింది డెన్మార్క్ స్టడీ గురించి అయ్యుంటుంది. 2011లో బీఎమ్‌జే ఓపెన్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1984 నుంచి 2008 దాకా అక్కడ ప్యాచ్ టెస్ట్ చేయించుకున్న దాదాపు 17 వేల మంది పెద్దవాళ్ళ రికార్డులు తీసుకుని, వాళ్ళలో ఎవరెవరికి తర్వాత క్యాన్సర్ వచ్చిందో ఆ దేశపు క్యాన్సర్ రిజిస్ట్రీలో వెతికి రెండూ కలిపి చూశారు. ఆ రిజిస్ట్రీలో 1943 నుంచి కేసులు రాసి పెట్టున్నాయి కాబట్టి ఇలాంటి పని అక్కడ కుదిరింది. టెస్ట్ చేసినవాళ్ళలో 35 శాతం మందికి ఏదో ఒక పదార్థానికి అలర్జీ తేలింది, ఆడవాళ్ళలో 41 శాతం, మగవాళ్ళలో 26. అలా అలర్జీ తేలినవాళ్ళలో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని స్కిన్ క్యాన్సర్లు, బ్రెస్ట్ క్యాన్సర్ కాస్త తక్కువ కనిపించాయి, ఆడవాళ్ళలో అయితే బ్రెయిన్ క్యాన్సర్ కూడా. వార్తల్లో ఇంతవరకే వచ్చింది. అదే స్టడీలో అలర్జీ ఉన్నవాళ్ళకి బ్లాడర్ (మూత్రాశయం) క్యాన్సర్ ఎక్కువ కనిపించిందన్న ముక్క చాలామంది రాయలేదు, నాకు బాధ కలిగించేది అదే.

ఇలా ఎందుకు ఉండొచ్చో తెలియాలంటే మీ ప్యాచ్ టెస్ట్ ఒకసారి గుర్తు చేసుకోండి. చిన్న చిన్న అల్యూమినియం మూతల్లాంటి వాటిల్లో ఒక్కో పదార్థం పెట్టి వీపు మీద అంటించి ఉంటారు, 48 గంటలు తడవనివ్వకుండా ఉంచి, తీసేసి, పెన్నుతో గుర్తులు పెట్టి, మళ్ళీ ఒకట్రెండు రోజులు పోయాక రమ్మని ఉంటారు. నికెల్ పెట్టిన చోట గుండ్రంగా ఎర్రటి మచ్చ, దాని మీద వేలు పెట్టి మెల్లగా రాస్తే ఉబ్బెత్తుగా తగుల్తుంది, బాగా గట్టిగా వస్తే సన్నటి నీటి పొక్కులు కూడా ఉంటాయి. 1895లో జాడసన్ అనే జర్మన్ డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇన్నేళ్ళయినా ఇప్పటికీ దీన్నే నమ్ముకుంటున్నాం. ఆ మచ్చ వచ్చిందంటే మీ టి కణాలు, అంటే ఒంటికి కాపలా కాసే ఒక రకం తెల్ల రక్త కణాలు, నికెల్‌ని ఎప్పుడో చూసి గుర్తు పెట్టుకున్నాయని, మళ్ళీ కనపడగానే పైకి లేచి వచ్చాయని అర్థం. రెండు రోజులు ఎందుకు ఆగుతాం అంటే ఆ కణాలు అక్కడికి చేరడానికి అంత టైమ్ పడుతుంది. ఇదే టి కణాలు తేడాగా మారిన కణాల్ని, అంటే క్యాన్సర్ మొలకల్ని కూడా పట్టుకుని చంపుతాయి. మన ఒంట్లో ఇలాంటి కాపలా ఉంటుందని పాల్ ఎర్లిచ్ అనే జర్మన్ సైంటిస్టు 1909లోనే అన్నాడు. సరే, కాపలా చురుగ్గా ఉన్నవాళ్ళకి రెండూ కలిసొస్తాయేమో, కొత్త వస్తువు తగిలితే అలర్జీ, క్యాన్సర్ కణం కనపడితే దాన్ని పట్టుకోవడం. డెన్మార్క్ వాళ్ళ ఆలోచన ఇది. బ్లాడర్ సంగతి వచ్చేసరికి, ఒంట్లోకి వెళ్ళిన కెమికల్స్ విరిగి ఆ ముక్కలు బ్లాడర్‌లో పోగవడం వల్ల అయ్యుండొచ్చు అన్నారు.

ఆలోచన బావుంది, నాకూ నచ్చింది. కానీ రెండు విషయాలు కలిసి కనిపించాయి అన్నంత మాత్రాన ఒకదాని వల్ల ఇంకోటి అని కాదు. వాళ్ళలో ఎవరు సిగరెట్లు తాగేవాళ్ళు, ఎవరి ఆర్థిక స్థితి ఏంటి అన్న లెక్కలు ఆ స్టడీలో లేవు, ఆ సంగతి స్టడీ చేసినవాళ్ళే రాశారు. సిగరెట్ అలవాటు ఒక్కటి చాలు ఇలాంటి లెక్క అటూ ఇటూ చేయడానికి. పైగా తక్కువ అంటే రాదని కాదండి. అలర్జీ తేలినవాళ్ళకి కూడా క్యాన్సర్లు వచ్చాయి, ఆ పట్టికలో వాళ్ళూ ఉన్నారు.

ఇంక అసలు మీ భయం. మీరు రాసే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఆ చోట లేచిన మంటని కొన్ని రోజులు అణుస్తుంది, అంతే. నికెల్‌ని గుర్తు పెట్టుకున్న కణాలు మీ ఒంట్లో దాదాపు జీవితాంతం ఉంటాయి, పదేళ్ళు నికెల్ ముట్టకపోయినా మళ్ళీ టెస్ట్ పెడితే మళ్ళీ మచ్చ రావచ్చు. కాబట్టి ఆ స్వభావంలో ఏదైనా మేలు ఉన్నా అది చెవి దగ్గర రసి కారితేనే పనిచేసేది కాదు. మందు రాసినా ఉంటుంది, రాయకపోయినా ఉంటుంది. రాయకపోతే మిగిలేది పుండు, గోకుడు, ఇన్ఫెక్షన్. మీ లోహపు వస్తువుల్లో దేంట్లో నికెల్ ఉందో తెలుసుకోవడానికి చిన్న టెస్ట్ సీసాలు దొరుకుతాయి, దూదికి రెండు చుక్కలు వేసి రుద్దితే నికెల్ విడుదలయ్యే చోట గులాబీ రంగు తిరుగుతుంది. గుండీకి లోపలివైపు గుడ్డ కుట్టించండి. డెన్మార్క్‌లోనే 1990లో ఇలా ఒంటికి తగిలే వస్తువుల్లో నికెల్ మీద చట్టం తెచ్చారు, ఆ తర్వాత చెవులు కుట్టించుకున్న ఆడపిల్లల్లో ఈ అలర్జీ బాగా తగ్గింది.

అమ్మగారి విషయం మాత్రం అలర్జీకి వదిలేయకండి. ఆవిడకి ఏ వయసులో వచ్చిందో, ఇంకెవరికైనా వచ్చిందో రాసుకుని వెళ్ళి మీ డాక్టర్‌తో మాట్లాడండి, మీకు స్క్రీనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలో దాన్నిబట్టే చెప్తారు.

ప్రశ్న: మా బాబుకి 6 ఏళ్ళు, నెలల పిల్లాడప్పటి నుంచి ఎగ్జిమా. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక. టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాశారు, బాగా తగ్గింది. కానీ డబ్బాలో కాగితం చదివితే స్కిన్ క్యాన్సర్, లింఫోమా (తెల్ల రక్త కణాల క్యాన్సరట) అని ఉంది సార్. చేతులు ఆడట్లేదు రాయడానికి. అలర్జీ ఉంటే క్యాన్సర్ రాదని మీరంటారు, అలర్జీ మందు రాస్తే క్యాన్సర్ అని వీళ్ళంటారు, ఏది నమ్మాలి?

జవాబు: అలర్జీ ఉంటే రాదని నేను అనలేదండి, పైన చదివారు కదా. మీ కంగారు మాత్రం న్యాయమైందే, ఆ కాగితం చదివితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఆ హెచ్చరిక అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2006లో పెట్టించింది. కారణం ఏంటంటే కిడ్నీ, గుండె మార్చుకున్నవాళ్ళు ఇదే టాక్రోలిమస్‌ని బిళ్ళల రూపంలో ఏళ్ళ తరబడి మింగుతారు, కొత్త అవయవాన్ని ఒళ్ళు తోసేయకుండా. అలా కాపలాని అణిచేసినవాళ్ళలో స్క్వామస్ సెల్ అనే స్కిన్ క్యాన్సర్ మామూలువాళ్ళ కంటే పదుల రెట్లు ఎక్కువ. పై జవాబులో చెప్పిన కాపలా కణాల సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలిసి లేదు, ఎండ తగిలే చోటల్లా, పెదవి మీద, చెవి అంచు మీద, చేతుల వెనక, ఒకటి తీస్తే ఇంకోటి వస్తూ ఉంటాయి వాళ్ళకి. అయితే మీ బాబుకి రాసేది 0.03 శాతం ఆయింట్‌మెంట్, మడతల్లో పల్చగా. రక్తంలోకి వెళ్ళేది చాలా చాలా తక్కువ. హెచ్చరిక పెట్టాక దాదాపు 8 వేల మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు, మామూలు పిల్లల్లో వచ్చేదానికంటే క్యాన్సర్లు ఎక్కువ కనిపించలేదు.

కాబట్టి డాక్టర్ చెప్పినట్టే రాయండి. చీము పట్టిన చోట రాయొద్దు. మొదటి కొన్ని రోజులు చురుక్కుమంటుంది, దానికి భయపడి మానేయొద్దు. మందు రాసిన చోట ఎండ ఎక్కువ తగలకుండా చూస్కోండి.

ఇంకో మాట, మీ బాబుది పైన ఆవిడకి ఉన్న, వస్తువు తగిలితే వచ్చే అలర్జీ లాంటిది కాదు. ఎగ్జిమాకీ స్కిన్ క్యాన్సర్‌కీ లింకు మీద వచ్చిన స్టడీలు ఒకటి ఎక్కువంటే ఇంకోటి తేడా లేదంటుంది. అందులో ఒక చిక్కు ఏంటంటే ఎగ్జిమా ఉన్నవాళ్ళు స్కిన్ డాక్టర్ దగ్గరికి ఎక్కువ సార్లు వెళ్తారు, వెళ్ళినప్పుడల్లా ఒళ్ళంతా చూస్తారు, చూస్తే చిన్న చిన్నవి కూడా దొరుకుతాయి. వ్యాధి ఎక్కువైందా, చూడటం ఎక్కువైందా అని విడదీయడం చాలా కష్టం.

ప్రశ్న: సన్‌స్క్రీన్ రాస్తే మొహం మండుతుంది, దద్దుర్లు. స్కిన్ క్యాన్సర్ రాకుండా అని రాస్తుంటే అలర్జీ వస్తోంది. అసలు సన్‌స్క్రీన్ పనిచేస్తుందని ఎవరైనా రుజువు చేశారా?

జవాబు: చేశారు, అదీ పద్ధతి ప్రకారం చేశారు. ఆస్ట్రేలియాలో నాంబోర్ అనే ఊళ్ళో 1992 నుంచి నాలుగున్నరేళ్ళు 1600 మందికి పైగా జనాన్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుని రోజూ రాయమన్నారు, ఇంకో గుంపుని ఇష్టమైతే రాసుకోండి అన్నారు. రోజూ రాసినవాళ్ళలో స్క్వామస్ సెల్ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తగ్గాయి. ఇంకో పదేళ్ళు గమనిస్తే మెలనోమాలు సగమయ్యాయి. బేసల్ సెల్ అనే ఇంకో రకం స్కిన్ క్యాన్సర్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైన చెప్పిన డెన్మార్క్ స్టడీకీ దీనికీ తేడా గమనించండి, అక్కడ ఉన్న రికార్డులు కలిపి చూశారు, ఇక్కడ ఎవరు రాయాలో ముందే చీటీ తేల్చింది. అందుకే దీన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

మీ మంటకి కారణం చాలాసార్లు అందులోని సెంటు, లేకపోతే పాడవకుండా కలిపే కెమికల్స్, లేదా ఎండని ఆపడానికి వేసే ఆక్టోక్రిలీన్, ఆక్సీబెంజోన్ లాంటివి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నది, వాసన లేనిది తీసుకోండి, వీటికి అలర్జీ చాలా అరుదు. మొహానికి పట్టించే ముందు మోచేతి లోపలివైపు రోజుకి రెండుసార్లు ఒక వారం రాసి చూడండి. ఎండలోకి వెళ్తేనే దద్దుర్లు వస్తున్నాయంటే అది ఫోటో అలర్జీ అయ్యుండొచ్చు, దానికి మామూలు ప్యాచ్ టెస్ట్ చాలదు, ఫోటోప్యాచ్ టెస్ట్ అని అడగండి. ఈలోపు పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పున్న టోపీ వాడండి.

ప్రశ్న: నల్లటి ఒళ్ళున్నవాళ్ళకి స్కిన్ క్యాన్సర్ రాదంటారు కదా?

జవాబు: తక్కువే కానీ వస్తుంది. మెలనోమా ఎక్కువగా ఎండ తగలని చోట వస్తుంది వీళ్ళకి, అరికాలు, అరచెయ్యి, గోరు కింద. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే, 1981లో 36 ఏళ్ళకే పోయాడు. గోరు మీద నల్లటి గీత కొత్తగా వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు చుట్టూ చర్మంలోకి పాకుతున్నా, అరికాలి మచ్చ పెరుగుతున్నా దెబ్బ తగిలి ఉంటుందిలే అని ఊరుకోకండి.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. కుడి పిక్క మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ, పొట్టు లేస్తుంది, పెద్దగా దురద లేదు. అలర్జీ అని రెండేళ్ళుగా క్రీములు మారుస్తున్నారు. రాసినప్పుడు కొంచెం ఎరుపు తగ్గుతుంది, మళ్ళీ మామూలే. అలర్జీ ఉన్నవాళ్ళకి క్యాన్సర్ రాదని చదివి ధైర్యంగా ఉన్నాను. అంతేనా సార్?

జవాబు: పెద్దాయనా, ఇవాళ వచ్చిన ఉత్తరాల్లో నన్ను కదిలించింది మీదే. మీకు ఉన్నది అలర్జీయే అని ఎవరు తేల్చారు? ఒకటే మచ్చ, ఒక్క చోటే, రెండేళ్ళు, క్రీములకి లొంగట్లేదు, దురద లేదు. అలర్జీ అయితే సాధారణంగా దురద ముందుంటుంది, తగలడం ఆపితే తగ్గుతుంది.

బోవెన్స్ డిసీజ్ అని ఒకటుంది, స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఇంకా చర్మం పైపొరలోనే ఉన్న దశ. అచ్చం ఎగ్జిమా లాగే ఉంటుంది, ఎర్రగా, పొట్టుతో, అంచులు మాత్రం గీసినట్టు స్పష్టంగా. నా దగ్గరికి ఒకావిడ ఇలాంటి మచ్చతోనే వచ్చారు చాలా ఏళ్ళ కిందట, నేను కూడా ఎగ్జిమా అనుకుని మూడు నెలలు స్టెరాయిడ్ క్రీమే రాసిచ్చాను. నాలుగోసారి వచ్చినప్పుడు భూతద్దం పెట్టి అంచు చూస్తే ఎగ్జిమా అంచులా కలిసిపోయి లేదు, దీవి చుట్టూ ఒడ్డులా ఉంది. బయాప్సీ చేస్తే బోవెన్స్. టైమ్‌కే దొరికింది, తీసేశాం, ఆవిడ బావున్నారు. కానీ ఆ మూడు నెలలు నాకు ఇప్పటికీ గుర్తే, అప్పటి నుంచి ఒంటరి మచ్చ క్రీముకి లొంగకపోతే రెండో క్రీము రాయను, ముక్క తీసి టెస్ట్‌కి పంపిస్తాను. చనుమొన మీద ఒక పక్కే తగ్గని ఎగ్జిమా లాంటిది కూడా ఇలాగే, పాజెట్స్ డిసీజ్ అయ్యుండొచ్చు, లోపల బ్రెస్ట్ క్యాన్సర్‌కి గుర్తు. నడుము, పిరుదుల మీద ఏళ్ళ తరబడి ఉండే పల్చటి పొట్టు మచ్చలు ఒక్కోసారి మైకోసిస్ ఫంగాయిడిస్ అనే చర్మపు లింఫోమా అవుతాయి. కంటితో చూసి చెప్పడం మాకూ కష్టమే.

మీది అదే అని నేను ఉత్తరంలో చెప్పలేను, కాకపోవచ్చు కూడా. మీరు ఈ వారంలోనే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, రెండేళ్ళ నుంచి తగ్గట్లేదు, బయాప్సీ చేస్తారా అని నోరు తెరిచి అడగండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పెన్సిల్ మొనంత ముక్క తీస్తారు, పది నిమిషాల పని, ఒకటో రెండో కుట్లు. ఇవాళ్టి నుంచి వెళ్ళేదాకా క్రీము ఏదీ రాయకండి, రాస్తే మచ్చ రూపం మారిపోయి చూసేవాళ్ళు పొరబడతారు. పాత చీటీలు, వాడిన ట్యూబులు అన్నీ పట్టుకెళ్ళండి. రిపోర్ట్ వచ్చాక నాకు తప్పకుండా రాయండి.